కప్పులో పట్టని కుక్క

మందుల షాపు మీది గది నుంచి,
చలికాలం మొదట్లో

వదినా,

కాగితం ముందేసుకోగానే నీకు థాంక్స్ చెప్పాలనిపిస్తుంది. నువ్వేమో "మళ్ళీ మొదలెట్టావా తల్లీ" అంటావు. అను. నా ఆపరేషన్‌కి నువ్వు వచ్చి, ఈ ఇరుకు గదిలో నేల మీద పడుకుని, నన్ను పసిపిల్లలా నడిపించి, నేను కసురుకుంటే నవ్వి ఊరుకున్నావు. సరిగ్గా ఆ వారమే అక్కడ మీ పెద్దోడు పోయాడు. ఏళ్ళ తరబడి నీ వెంట తిరిగిన కుక్క. నీకు చివరిచూపు కూడా దక్కలేదు. అన్నయ్య ఫోన్ చేసి చెబితే విని, ఫోన్ పక్కన పెట్టి, "సూప్ చల్లారిపోతోంది, తాగు" అన్నావు నాతో. ఆ సూప్ ఇప్పటికీ నా గొంతులోనే ఉంది వదినా.

ఈ మాట ఫోన్లో చెప్పొచ్చుగా అనకు. ఫోన్లో నీ గొంతు కన్నా వెనకనుంచి అన్నయ్య ఇచ్చే సలహాలే ఎక్కువ వినిపిస్తాయి. పైగా నీ పెళ్ళైన కొత్తలో మొదలుపెట్టిన ఉత్తరాలు. ఇప్పుడు మానేస్తే పోస్ట్‌మ్యాన్ మనకేదో గొడవైందనుకుంటాడు.

నువ్వు సాయంత్రాలు నడక మానేశావట. స్కూలు పిల్లల్ని దింపి, వ్యాన్ సందులో పెట్టి, లోపలికెళ్ళి కూర్చుంటే మళ్ళీ లేవడం లేదట. అన్నయ్య చెప్పాడు. ఆయన్ని ఏమీ అనకు, నేనే గుచ్చి గుచ్చి అడిగాను.

అసలు సంగతి. షాపుకొచ్చే ఒకావిడ, నా స్నేహితురాలే అనుకో, బుల్లి కుక్కపిల్లని కొనాలని సరదా పడుతోంది. టీ కప్పులో కూర్చోబెట్టి ఫోటోలు తీస్తారు చూడు, ఆ రకం. ఎంత పెరిగినా చేతిసంచిలో పట్టేస్తుందట. గొలుసు లాగే బాధ లేదు కాబట్టి భుజం నొప్పి ఉన్నవాళ్ళకి కూడా హాయేనని అమ్మేవాడు అన్నాడట. ఆదివారాలు నువ్వు షెల్టర్లో కుక్కలకి స్నానాలు చేయిస్తావు కదా, నీకు తెలుస్తుందని అడుగుతున్నా. ఊరికేలే.

నీ ఆడపడుచు


సందు చివరి ఇంటి నుంచి

మా ఆడపడుచు గారికి,

నీ స్నేహితురాలికి భుజం నొప్పి కూడానా? పాపం. స్టీరింగు తిప్పీ తిప్పీ భుజం పోగొట్టుకున్నది నేనొక్కదాన్నే అనుకున్నాను. మీ అన్నయ్యని అడిగితే పేపరు మొహానికి అడ్డం పెట్టుకుని, వాతావరణం గురించి మాట్లాడాడు. సరే, స్నేహితురాలనే అనుకుందాం.

కొనొద్దని చెప్పు. మెల్లగా చెప్పడం కాదు, గట్టిగా చెప్పు.

టీ కప్పు కుక్క అని ఒక జాతి లేనే లేదు. ఒక్క ఈతలో పుట్టిన వాటిల్లో బక్కచిక్కినదాన్ని ఏరి, ఇంకో బక్కదానితో కలిపి, ఇంకా చిన్నది, ఇంకా చిన్నది అంటూ పుట్టిస్తారు. కొందరు ఆ శ్రమ కూడా పడరు. తల్లి పాలు మరవకముందే లాక్కొచ్చి, కడుపు మాడ్చి, దీని సైజు ఇంతే అని అంటగడతారు. అంత చిన్నగా పుట్టించిన వాటి బతుకు ఎలా ఉంటుందో నేను చూస్తున్నాను. సోఫా మీంచి దూకితే కాలు విరుగుతుంది. మోకాలి చిప్ప పక్కకి జారిపోతుంది. కొన్నిటికి ఎన్నాళ్ళైనా మాడు పూడదు, తల నిమిరితే వేలికి మెత్తగా తగులుతుంది, నిమరాలంటేనే భయం. నోరు చిన్నదని పళ్ళు ఊరుకోవు కదా, ఒకదాని మీద ఒకటి ఎక్కేస్తాయి. కొన్నవాళ్ళకి ఫోటోల మోజు తీరేసరికి ఈ రోగాలు మొదలవుతాయి. అప్పుడు షెల్టరు గుర్తొస్తుంది వాళ్ళకి.

ఒకవేళ ఆవిడ మాట వినే రకం కాకపోతే, నీ పోలికలు ఉన్నాయని నా అనుమానం, ఈ ఒక్కటీ చెవిలో వెయ్యి. అంత చిన్నవి ఒక పూట సరిగ్గా తినకపోయినా ఒంట్లో చక్కెర పడిపోయి ఉన్నట్టుండి కూలిపోతాయి. అలా అయితే గ్లూకోజ్ గానీ తేనె గానీ వేలితో చిగుళ్ళకి రుద్దాలి. నోట్లో పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. వెచ్చగా చుట్టి డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి.

ఇక నా సంగతి. ఇంకో కుక్క నా గుమ్మం తొక్కదు. పెద్దోడి చోటు ఖాళీగా ఉందని అందులో ఏదో ఒకటి తెచ్చి పెట్టడానికి అదేమన్నా అలమరా? ఈ ముక్క నీ స్నేహితురాలికీ చెప్పు, మీ అన్నయ్యకీ చెప్పు.

నీ కుట్లు ఎలా ఉన్నాయి? మందుల పెట్టెలు ఎత్తుతున్నావని తెలిసిందా, వ్యాన్ వేసుకుని వచ్చి మరీ తంతాను.

వదిన


షాపు మీది గది నుంచి

వదినా,

కుట్లు బాగున్నాయి. పెట్టెలు ఎత్తడం లేదు. నువ్వు అంత పొడుగు ఉత్తరం రాసినందుకు చాలా థాంక్స్. స్నేహితురాలికి చదివి వినిపించాను. మొహం చిన్నబుచ్చుకుంది. ఇప్పటికే తెచ్చేసుకుందట.

కానీ చాలా జాగ్రత్తగా ఉంది వదినా, నువ్వు కంగారు పడకు. అమ్మినవాడు చెప్పిన కొలత తప్పకుండా పెడుతోంది. బుల్లి చెంచాతో పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి, చాకు వెనక వైపుతో చదును చేసి మరీ. ఎక్కువ పెడితే సాగిపోయి జాతి లక్షణం చెడుతుందన్నాడట. అది కూడా అల్లరి చెయ్యదట, పొద్దస్తమానం బుద్ధిగా పడుకునే ఉంటుందట.

షాపులో దగ్గు మందుకి మంచి గిరాకీ. ఇంతకన్నా విశేషాలు లేవు.

నీ ఆడపడుచు


షాపు మీది గది నుంచి

వదినా,

నా కిందటి ఉత్తరానికి నీ జవాబు రాకముందే ఇది రాస్తున్నాను. స్నేహితురాలు లేదు, గాడిదగుడ్డూ లేదు. నేనే. నీకు ఎప్పుడో తెలుసులే.

నిన్న పొద్దున షాపు తెరిచాక కళ్ళజోడు మర్చిపోయానని పైకి వచ్చాను. పక్క మీద కుక్కపిల్ల ఒక పక్కకి ఒరిగిపోయి ఉంది. మెడ వెనక్కి విరుచుకుపోయింది, కాళ్ళు కొయ్యబారాయి, పెదవి ఎత్తి చూస్తే చిగుళ్ళు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. ఇన్నేళ్ళు మందుల మధ్య బతికినదాన్ని, ఆ క్షణాన ఒక్క మందు పేరు గుర్తుకు రాలేదు. నీ మాటే గుర్తొచ్చింది. వేలితో చిగుళ్ళకి, నోట్లో పోయకు. దాన్ని ఎత్తుకుని మెట్లు దిగి షాపులోకి పరుగెత్తాను. చిల్లర కోసం చెయ్యి చాపి నిలబడ్డ పెద్దమనిషిని అలాగే వదిలేసి, గ్లూకోజ్ ప్యాకెట్టు పళ్ళతో చింపి, కాస్త నీళ్ళలో కలిపి రుద్దాను. రుద్దుతూనే ఉన్నాను. వదినా, వదినా అని పైకే అంటున్నానట. ఇంటి ఓనరమ్మ తన గుమ్మంలోంచి విని, నాకే ఏదో అయిందని పరుగెత్తుకొచ్చింది.

కాసేపటికి దాని నాలిక కదిలింది. నా వేలు నాకింది. ఆ తడి తగలగానే నేను నేల మీద కూలబడి ఏడ్చేశాను. తర్వాత స్వెటర్లో చుట్టుకుని జంతువుల ఆసుపత్రికి పరుగు.

డాక్టరమ్మ సూది వేసి, సెలైన్ పెట్టి, అది కాస్త తేరుకున్నాక పళ్ళు చూసింది, పాదాలు చూసింది. ఏం పెడుతున్నావని అడిగింది. నేను చెంచా సంగతి, చదును చెయ్యడం సంగతి కాస్త గొప్పగానే చెప్పాను. ఆవిడ నా మొహంలోకి అలాగే చూసి, "అమ్మా, ఇది కప్పు కుక్కా కాదు, గిప్పు కుక్కా కాదు. ఆకలేస్తున్న మామూలు కుక్కపిల్ల. ఇంకా తల్లి దగ్గర ఉండాల్సిన పిల్ల" అంది.

వదినా, నేను రోజంతా చేసే పనేమిటో నీకు తెలుసు. డోసు తగ్గించకండి, పెంచకండి, మీ ఇష్టమొచ్చినట్టు మార్చకండి అని వచ్చినవాళ్ళందరికీ చెబుతుంటాను. ఎవరో కొలత చెప్పారంటే అది దాటడం నా చేతికి రాదు. ఆ పిల్ల ఖాళీ గిన్నె నాకి నాకి నా వంక చూస్తుంటే కూడా, డోసు అయిపోయిందమ్మా అని చెంచా కడిగి బోర్లించాను. వేరే ఎవరైనా అయితే జాలిపడి ఇంకో ముద్ద పెట్టేవాళ్ళు. నాకు ఆ బుద్ధి కూడా పుట్టలేదు.

దీన్ని నీకోసమే తెచ్చాను. ఇదంతా అన్నయ్యా నేనూ కూడబలుక్కున్నదే. మళ్ళీ పెద్ద కుక్కైతే నీ భుజం తట్టుకోదని, ఇదైతే ఒళ్ళో పెట్టుకుంటావని. నన్ను చూసుకోవడానికి వచ్చి నువ్వు పోగొట్టుకున్న దానికి, ఏదో ఒకటి నీ చేతిలో పెట్టాలని. నువ్వు వద్దని రాసిన ఉత్తరం చదివినప్పుడు నాకు కోపం వచ్చింది, అదీ దాచను. ఆ ఉత్తరమే నిన్న దీన్ని బతికించింది.

పేరు బిళ్ళ. నా వృత్తికి తగ్గట్టు పెట్టాను. ఇప్పుడు నా ఒళ్ళో నిద్రపోతోంది, కడుపు నిండా తిని.

నిన్ను ఎన్నిసార్లు తలచుకున్నానో చెప్పలేను.

నీ ఆడపడుచు


సందు చివరి ఇంటి నుంచి

ఏమే,

ముందు తిట్లు. మీ అన్నా చెల్లెళ్ళిద్దరికీ కలిపి ఒక్క బుర్ర ఇచ్చి పంపారు, అది కూడా ఆ రోజు ఎవరి దగ్గరా లేదు. మీ అన్నయ్యకి ఇవ్వాల్సినవి ఇక్కడ ఇచ్చేశాను. ఇప్పుడు వంటింట్లో అడగకుండానే గిన్నెలు కడుగుతున్నాడు.

తిట్లు అయిపోయాయి. ఆ చెంచాని పారెయ్. కుక్కపిల్లల దాణా గోరువెచ్చటి నీళ్ళలో నానబెట్టి, కొంచెం కొంచెంగా రోజుకి చాలాసార్లు పెట్టు. తిన్నాక పొట్ట గుండ్రంగా కనపడాలి, అదే నీ కొలత. మొదట్లో ఆబగా తింటుంది, కాస్త ఆపి ఆపి పెట్టు. ఒంటరిగా పైన వదలకు, షాపులో నీ కాళ్ళ దగ్గరే ఒక అట్టపెట్టెలో పడుకోబెట్టుకో. డాక్టరమ్మ ఏం చెబితే అది చెయ్యి. ఆవిడ చెప్పే డోసు మాత్రం దాటకు.

గ్లూకోజ్ సంగతి నాకెలా తెలుసో నీకు రాయలేదు. రాయాలనిపించలేదు. వానాకాలంలో షెల్టరుకి ఒకావిడ చేతిసంచిలో ఒక తెల్లదాన్ని తెచ్చి వదిలి వెళ్ళింది. నా అరచేతంత ఉంటుంది. దాని మెడకి ముత్యాల పట్టీ, తినడానికి ఓపిక లేదు. నేను తువ్వాలుతో ఒళ్ళు తుడుస్తుండగా నా చేతుల్లోనే బిగుసుకుపోయింది. అక్కడున్న మా ఎవరికీ ఏం చెయ్యాలో తెలియదు. డాక్టరు వచ్చేసరికి అయిపోయింది. ఆయన తర్వాత మాకందరికీ నేర్పించాడు. అప్పటినుంచి ఆ మాట ఎవరికైనా చెప్పాలని, చెబితే ఎక్కడో ఒకటి బతకాలని నాకు ఒకటే ఆరాటం. నీ లేని స్నేహితురాలి దయవల్ల చెప్పగలిగాను. అది నీ ఇంట్లోనే బతికింది. నీ ఉత్తరం చదివి వ్యాన్లోనే కూర్చుని ఏడ్చాను. స్కూలు పిల్లలు ఎక్కకముందేలే.

నువ్వు నాకు థాంక్స్ చెప్పావు. నేనూ నీకు చెబుతున్నాను. భయపడి చేతులు ముడుచుకోకుండా రుద్దుతూనే ఉన్నందుకు.

కానీ దాన్ని నేను తీసుకోను. కోపంతో అనడం లేదు. పెద్దోడు పోయాడు, ఆ తెల్లది నా చేతుల్లో పోయింది. నాకు భయంగా ఉంది అమ్మాయీ. అంతే.

వదిన


షాపు మీది గది నుంచి,
ఎండలు మొదలయ్యాక

వదినా,

ఒక నవ్వొచ్చే సంగతి, ఒక నవ్వు రాని సంగతి.

బిళ్ళ ఇప్పుడు బిళ్ళ కాదు. మందు సీసా కూడా కాదు, సీసాలు వచ్చే పెట్టె. నువ్వు చెప్పినట్టు తిండి పెట్టడం మొదలుపెట్టాక ముందు పొట్ట వచ్చింది, తర్వాత కాళ్ళు సాగాయి, ఆ తర్వాత చెవులు లేచాయి, ఒకటి పూర్తిగా, ఇంకొకటి సగం. ఇప్పుడు నా మోకాలి దాకా ఉంది. అట్టపెట్టెలు మార్చీ మార్చీ విసిగిపోయాను. షాపులో నా బల్ల కిందే పడుకుంటుంది, ఇంజక్షన్ల కోసం వచ్చి ఏడ్చే పిల్లల్ని నాకి నవ్విస్తుంది. ఎవరైనా ఫోన్లో కప్పు కుక్కల ఫోటో చూపించి ముచ్చటపడితే, బిళ్ళా అని పిలుస్తాను. ఇది బల్ల కిందనుంచి బయటికి వస్తూ వస్తూ వస్తూనే ఉంటుంది. అదీ ఆ కప్పు సరుకే అంటాను. వాళ్ళ మొహాలు చూడాలి. ఒకావిడ అప్పటికప్పుడు తన కొడుక్కి ఫోన్ చేసి, ఆ బుల్లి కుక్కని తీసుకోవద్దు, ముందు వెళ్ళి తల్లి కుక్కని చూపించమని అడుగు అని చెప్పింది. ఆ మాట నీదే, మొన్న ఫోన్లో చెప్పావు, నేను ఆవిడకి అందించానంతే.

మొన్న అన్నయ్య వచ్చి దీన్ని చూసి, పక్కన నిలబడి తన మోకాలితో కొలుచుకుని, కుర్చీలో కూర్చుండిపోయాడు. "మీ వదిన భుజం..." అని మాత్రం అన్నాడు.

నవ్వు రాని సంగతి ఓనరమ్మది. సంచిలో పట్టే కుక్క కదా అని ఒప్పుకుంది ఆవిడ. మంచిదే పాపం, ఆ రోజు నాతో పాటు ఆసుపత్రికి కూడా వచ్చింది. కానీ ఇప్పుడు ఇది మెట్లు దిగుతుంటే ఇల్లు అదురుతోందట, ఆవిడ మనవరాలికి కుక్క బొచ్చు పడక ఆయాసం కూడా వస్తోంది. నెలాఖరుకల్లా ఏదో ఒకటి చూసుకోమంది. ఆవిడ మీద నాకు కోపం లేదు. వేరే గది వెతికాను, కుక్క అనగానే తలుపు వేసేస్తున్నారు.

నిన్ను అడగను వదినా. భయం అన్నావు, అది అబద్ధం చెప్పే మాట కాదు. షెల్టరుకే తెస్తాను. ఒక్కటే కోరిక, నువ్వు ఉండే ఆదివారం తెస్తాను. అక్కడ దాని మొదటి స్నానం నీ చేత్తో అయితే నాకు తృప్తిగా ఉంటుంది.

ఇదంతా అయ్యాక కూడా, దీన్ని తెచ్చుకున్నందుకు నాకు బాధ లేదు. ఒంటరి గదికి వచ్చి తలుపు తీస్తే ఎవరో ఒకరు సంతోషపడటం ఎలా ఉంటుందో ఇది వచ్చేదాకా నాకు తెలియదు.

నీ ఆడపడుచు


సందు చివరి ఇంటి నుంచి

అమ్మాయీ,

ఆదివారం వద్దు. షెల్టరుకీ వద్దు. శనివారం మధ్యాహ్నం వ్యాన్ ఖాళీ, మీ అన్నయ్యని బస్‌స్టాండుకి పంపిస్తాను. నేను ఏ మాటా ఇవ్వడం లేదు, చూస్తానన్నానంతే.

అది పడుకునే దుప్పటి ఉంటే పట్టుకురా, ఉతక్కుండా.

వదిన


సందు చివరి ఇంటి నుంచి

నా ఆడపడుచుకి,

నువ్వు క్షేమంగా చేరావని మీ అన్నయ్య చెప్పాడు. బిళ్ళ గురించి అడిగితే బాగుందని చెప్పమన్నాను. కొంచెం అబద్ధం. మొదటి రోజు బాగోలేదు.

నువ్వు వెళ్ళాక అది తలుపు దగ్గరే కూర్చుండిపోయింది. మీ అన్నయ్య బిస్కెట్లు చూపించాడు, గంతులేశాడు, ఆ వయసులో చూడాల్సిన గంతులు కావు. అది కన్నెత్తి చూడలేదు. నేను వెళ్ళి దాని పక్కన నేల మీద కూర్చున్నాను. ఏమీ మాట్లాడలేదు. పెద్దోడు పోయాక నేనూ అలాగే కూర్చున్నాను కదా, అప్పుడు ఎవరు మాట్లాడినా నాకు విసుగ్గానే ఉండేది. చీకటి పడుతుండగా అది పెద్ద నిట్టూర్పు ఒకటి విడిచి, తల తెచ్చి నా తొడ మీద పెట్టింది. ఎంత బరువు తల! నాకు కాలు తిమ్మిరెక్కిపోయింది. కదపలేదు.

ఇప్పుడు సాయంత్రాలు నడుస్తున్నాం. గొలుసు మీ అన్నయ్య పట్టుకుంటాడు, నా భుజం మీద ఆయనకంత దిగులు. ఆయన కుక్కని నడిపిస్తున్నానంటాడు, చూసేవాళ్ళకి మాత్రం కుక్కే ఆయన్ని నడిపిస్తోంది. నేను వెనకాల నవ్వుకుంటూ వెళ్తాను. వీధి మలుపు దాకా అనుకుని మొదలుపెట్టాం, నిన్న రైలు కట్ట దాకా వెళ్ళాం. రాత్రి దాణా గిన్నె నింపేటప్పుడు అనిపిస్తుంది నాకు, ఇదీ పోతే అని. గిన్నె మాత్రం నింపుతున్నాను.

అమ్మాయీ, నువ్వు సందు దాటేదాకా ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడకుండా నడిచావు. కిటికీలోంచి చూశాను. తిరిగితే వదల్లేవని తెలిసింది నాకు. చలికాలంలో నువ్వు నాకు ఇద్దామనుకున్నది నీకు అప్పటికి ఏమీ కాని ఒక బుల్లి ప్రాణి. ఇప్పుడు నీ గదిలో ఉన్న ఒక్క సంతోషాన్ని తెచ్చి నా చేతిలో పెట్టి వెళ్ళావు. నాకు ఇంతదాకా ఎవరూ ఇంత ఇవ్వలేదు. దానికి థాంక్స్ అంటే చాలదు, కానీ మన దగ్గర ఉన్న మాట అదొక్కటే కాబట్టి అదే రాస్తున్నాను.

ఇంకొక మాట రాసి ఆపేస్తాను. పెద్దోడి దగ్గర నేను లేనని ప్రతి ఉత్తరంలోనూ నువ్వు మోస్తున్నావు. ఇక దించెయ్. వాడి తల మీ అన్నయ్య ఒళ్ళో ఉంది. నీ చెయ్యి నా చేతిలో ఉంది. ఆ వారం మన వాళ్ళలో ఎవరూ ఒంటరిగా లేరు. ఎన్నిసార్లు తలచుకున్నా, నేను మళ్ళీ ఆ బస్సే ఎక్కి నీ దగ్గరికే వస్తాను.

సెలవు దొరకగానే రా. కుక్క కోసం అని వంక పెట్టకు, నన్ను చూడ్డానికే రా. ఎలాగూ ముందు అదే ఎదురొస్తుంది.

వదిన